సంగీత కళాశాలలో చేరాలంటే ఏం చేయాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మన ఇళ్లలో మాటలన్నీ ర్యాంకు, కౌన్సెలింగు, బ్రాంచి చుట్టూనే తిరుగుతాయి. ఆ హడావుడిలో ఇంట్లో ఎవరైనా "నేను సంగీతం చదువుకుంటాను" అంటే పెద్దవాళ్లకు ఏం చెప్పాలో తోచదు. ఇష్టం లేక కాదు, ఆ దారి వాళ్లకు తెలియక. ఇంజనీరింగుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. సంగీత కళాశాలలో ఏం పాడమంటారు, ఎన్నేళ్లు చదవాలి, చివరికి చేతికొచ్చే కాగితం దేనికి పనికొస్తుంది అని అడిగితే చెప్పేవాళ్లు అరుదు. కర్ణాటక సంగీతాన్ని కళాశాలలో చేరి చదవాలనుకుంటున్న పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ముందే చెప్పేస్తాను. సంగీతంలో కళాశాలను ఎంచుకోవడమంటే గురువును ఎంచుకోవడమే. భవనం, ఊరు, పేరు, సర్టిఫికెట్ మీద ముద్ర, ఇవన్నీ ఆ తర్వాత. రోజూ మీ ఎదురుగా కూర్చుని మీ గొంతు వినేది ఎవరో తెలుసుకోకుండా ఫీజు కట్టకండి. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క నిర్ణయం సరిగ్గా తీసుకోవడానికే.

మొదటి పని: మూడు నెలలు ఇంట్లోనే కూర్చోండి

పాటలంటే ఇష్టం ఉండటం వేరు, సంగీతం చదవాలని ఉండటం వేరు. సినిమా పాట బాగా పాడేవాళ్లు, టీవీ పోటీల్లో చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు కూడా మొదటి ఏడాది సరళీ స్వరాలు, జంట స్వరాల దగ్గర విసుగెత్తిపోవడం మామూలే. అందుకని దరఖాస్తు ఫారం తెచ్చుకునే ముందే మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి.

తెల్లవారుజామున లేచి గంటసేపు శ్రుతి పెట్టుకుని కూర్చోండి. శ్రుతి పెట్టె కొననక్కర్లేదు, ఫోనులో తంబురా యాప్ చాలు. మీ గొంతుకు సుఖంగా ఉండే శ్రుతి ఏదో ముందు తేల్చుకోవాలి. మామూలుగా మగవాళ్లు ఒకటో శ్రుతికి దగ్గర్లో, ఆడవాళ్లు నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్యలో పాడతారు. కింది పంచమం స్పష్టంగా పలకాలి, పై షడ్జమం పిండినట్టు కాకుండా రావాలి. అది కుదిరిన చోటే మీ శ్రుతి. పక్కింటి అమ్మాయి అయిదున్నరలో పాడుతోందని మీరూ పాడాల్సిన పని లేదు.

తర్వాత మాయామాళవగౌళలో మొదటి సరళీ వరస. ఆది తాళం వేస్తూ, తాళం నడక మార్చకుండా, మూడు కాలాల్లోనూ పాడండి. ఎనిమిది అక్షరాల ఆవర్తాలు రెంటిలో మొదటి కాలంలో ఒకసారి వచ్చే వరస రెండో కాలంలో రెండుసార్లు, మూడో కాలంలో నాలుగుసార్లు రావాలి. పాడింది రికార్డు చేసుకుని, కాసేపాగి వినండి. మొదటిసారి విన్నప్పుడు చాలామందికి తమ గొంతు తమకే నచ్చదు. దానికి బెంగపడకండి. మీరు కనిపెట్టాల్సింది రెండే: గాంధార నిషాదాలు శ్రుతిలో నిలుస్తున్నాయా, మూడో కాలంలో చెయ్యి పరుగెత్తుతోందా.

స్వరం కాస్త తప్పుతోందంటే గురువు సరిచేస్తారు. తాళం కుంటుతోందన్నా సరిచేస్తారు. అదే వరసను మళ్లీ మళ్లీ పాడటానికి మీకే మనసు ఒప్పకపోతే మాత్రం ఎవరూ సరిచేయలేరు. మూడు నెలల తర్వాత ఆ గంట మీకు బరువుగా ఉందా, లేక రెండో గంట కూడా కూర్చోవాలనిపిస్తోందా? మీ జవాబు అక్కడే ఉంది.

గొంతు మారే వయసులో ఉన్న మగపిల్లల విషయంలో పెద్దవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు గొంతు విరిగితే వాడికిక సంగీతం రాదని తీర్మానించేయకండి. ఆ ఏడాదో రెండేళ్లో పై స్థాయి మీద ఒత్తిడి పెట్టకుండా, తాళం మీద, వినికిడి మీద నడిపిస్తే గొంతు కుదురుకున్నాక మళ్లీ ముందుకు సాగవచ్చు.

ఏ కోర్సు?

అందరూ తికమకపడేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

మన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో పూర్వం నుంచీ నడుస్తున్నవి సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు. మామూలుగా సర్టిఫికెట్‌కు నాలుగేళ్లు, ఆ పైన డిప్లొమాకు రెండేళ్లు. బడికెళ్లే పిల్లలు కూడా సర్టిఫికెట్‌లో చేరవచ్చు. చాలాచోట్ల తరగతులు ఉదయమో సాయంత్రమో ఉంటాయి కనుక బడి, కాలేజీ, ఉద్యోగం మానకుండానే చదవవచ్చు. సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టి అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాల మీదుగా కృతుల్లోకి తీసుకెళ్లి, డిప్లొమాలో రాగాలాపన, నెరవు, స్వరకల్పన, పల్లవి దాకా నడిపిస్తారు.

రెండో దారి విశ్వవిద్యాలయ డిగ్రీ. సంగీతంలో బి.ఏ., ఎం.ఏ., ప్రదర్శన కళల డిగ్రీలు, ఆ పైన పీహెచ్‌డీ. ఇది పూర్తికాలపు చదువు. పాడటంతో పాటు శాస్త్రం, చరిత్ర, గ్రంథాలు ఎక్కువగా ఉంటాయి. ఎం.ఏ. తర్వాత నెట్ రాయవచ్చు. యూజీసీ నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు, అందులో కర్ణాటక సంగీతం ఒక విభాగం. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాలనుకునేవాళ్లకు ఇదే దారి.

ఈ రెంటికీ తేడా ఎక్కడ బయటపడుతుందంటే, ఉద్యోగ ప్రకటన చూసినప్పుడు. ఆరేళ్లు కష్టపడి డిప్లొమా తీసుకున్నాక, ఫలానా ఉద్యోగానికి "సంగీతంలో డిగ్రీ లేదా తత్సమానం" కావాలని ఉంటుంది. మీ డిప్లొమా తత్సమానమా కాదా అన్నది ఆ ప్రకటన ఇచ్చినవాళ్లు తేల్చాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయులకు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు. కనుక చేరకముందే ఒక పని చేయండి. మీరు రేపు చేయాలనుకునే ఉద్యోగానికి గతంలో వచ్చిన ప్రకటన సంపాదించి, అందులో అర్హత అన్న చోట ఏముందో అక్షరం అక్షరం చదవండి. ఆ కాగితం పట్టుకునే కళాశాల ఆఫీసుకు వెళ్లి అడగండి. "వస్తుందిలెండి" అన్న నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

నన్నడిగితే, గొంతు మీద, సాధన మీద ఇంకా పూర్తి నమ్మకం కుదరని పిల్లలు మామూలు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు సర్టిఫికెట్‌లో చేరడమే మంచిది. తెలుగో సంస్కృతమో డిగ్రీలో ఒక సబ్జెక్టుగా తీసుకుంటే అది సంగీతానికీ అక్కరకొస్తుంది. మూడు నెలల పరీక్షలో నెగ్గి, రోజుకు నాలుగు గంటలు కూర్చోగలనని తేలినవాళ్లు మాత్రం పూర్తికాలపు చదువుకు భయపడకుండా వెళ్లండి. రోజంతా సంగీతం మధ్యలో గడపగలిగే మూడేళ్లు జీవితంలో మళ్లీ దొరకవు.

గాత్రమా, వాద్యమా?

అందరి కళ్లూ గాత్రం మీదే ఉంటాయి. కానీ కచేరీ వేదిక మీద పాడేది ఒకరైతే పక్కన వాయించేది ఇద్దరు ముగ్గురు. మంచి వయొలిన్, మంచి మృదంగం వాయించేవాళ్లకు పిలుపులు త్వరగా వస్తాయి. నృత్య ప్రదర్శనలకూ వాళ్లు కావాలి. గుళ్లకూ, పెళ్లిళ్లకూ నాదస్వరం, డోలు కావాలి. తిరుపతిలో టీటీడీ ఆ రెండు వాద్యాల కోసమే ఒక పాఠశాల నడుపుతోంది. ఆ విద్య తరతరాలుగా కొన్ని కుటుంబాల్లో నిలిచింది, ఇప్పుడు ఆసక్తి ఉన్న పిల్లలకు తలుపు తెరిచి ఉంది. దాన్ని గాత్రం కన్నా తక్కువగా చూసే అలవాటు మనలో ఇంకా పోలేదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

వీణ నేర్చుకోవాలనుకుంటే వాద్యం ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. విజయనగరం వైపు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగతో ఏకాండి వీణలు చేస్తారు. అంటే కుండ, దండి విడివిడిగా అతికించకుండా ఒకే చెక్కలో తొలిచిన వీణ. నూజివీడు వీణలకూ పేరుంది. మొదటి ఏడాదికే కొత్త వీణ కొనాల్సిన అవసరం లేదు. కళాశాలలో సాధనకు వీణలు ఉన్నాయా, ఇంటికి తీసుకెళ్లడానికి ఇస్తారా, పాత విద్యార్థులు ఎవరైనా అమ్ముతున్నారా కనుక్కోండి. కొనేటప్పుడు గురువును వెంటబెట్టుకుని వెళ్లండి. మేళం బిగింపు, అంటే మైనం మీద 24 మెట్లు నిలబెట్టిన తీరు, చూసి చెప్పగలిగేది ఆయనే.

వాద్యం తీసుకున్నా గాత్రం మానకండి. మన వాద్యాలన్నీ పాటనే వాయిస్తాయి. పాడలేని గమకం వేలికి రాదు.

ఎక్కడెక్కడ ఉన్నాయి?

తెలుగునాట సంగీత కళాశాల అంటే మొదట చెప్పుకోవాల్సింది విజయనగరం గురించే. 1919లో విజయరామ గజపతిరాజు స్థాపించిన కళాశాల అది. హరికథకు పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వేంకటస్వామినాయుడు ఇరవై ఆరేళ్ల వయసులో అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరి, నారాయణదాసు తర్వాత ప్రిన్సిపాలయ్యారు. పి. సుశీల అక్కడే చదివారు. ఘంటసాల అక్కడికి చదువుకోవడానికి వెళ్లి, తిండికి గడవక ఇంటింటా అడిగి మధుకరం చేశారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయన్ని చేరదీసి పాఠం చెప్పారు. ఈ చరిత్ర అంతా ఎందుకు చెబుతున్నానంటే, ఘంటసాలను నిలబెట్టింది కళాశాల పేరు కన్నా ఆ ఊళ్లో ఆయనకు దొరికిన గురువు.

విజయవాడలో ఘంటసాల పేరుతోనే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. దానికి మొదటి ప్రిన్సిపాలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. హైదరాబాదులో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల ఉన్నాయి. రాజమహేంద్రవరం, కర్నూలు, వరంగల్, నిజామాబాద్ లాంటి చోట్లా ప్రభుత్వ సంగీత విద్యాలయాలున్నాయి. తిరుపతిలో టీటీడీ వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. డిగ్రీ, పీజీ కోసమైతే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో ఆడపిల్లలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం వైపు చూడండి.

చెన్నై వెళ్లాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. కళాక్షేత్ర, మద్రాసు విశ్వవిద్యాలయం, అక్కడి ప్రభుత్వ సంగీత కళాశాల, వీటన్నిటికీ గట్టి సంప్రదాయం ఉంది. అన్నిటికన్నా మించి అక్కడ మార్గశిరంలో ఊరంతా కచేరీలే. ఒక్క సీజన్‌లో వినగలిగినంత సంగీతం మనవైపు ఏడాదంతా తిరిగినా దొరకదు. అయితే మొదటి మెట్టుకే చెన్నై అవసరం లేదు. వర్ణాలు, కొన్ని కృతులు గట్టిగా వచ్చాక పైచదువుకు వెళితే అక్కడి విద్య బాగా అందుతుంది. పాశ్చాత్య సంగీతం, స్వర రచన, రికార్డింగు నేర్చుకోవాలన్న కోరిక మీదైతే దారి వేరు. చెన్నైలోనే ఎ.ఆర్. రెహమాన్ 2008లో నెలకొల్పిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి చూడాలి. అక్కడి ఖర్చు ప్రభుత్వ కళాశాల ఖర్చుతో పోల్చగలిగేది కాదు.

గురువును ఎలా తెలుసుకోవాలి?

పై జాబితాలో మీకు అందుబాటులో ఉన్నవి రెండో మూడో తేలతాయి. ఇప్పుడు ఆ రెండు మూడు చోట్లకీ స్వయంగా వెళ్లండి. సెలవుల్లో కాదు, తరగతులు జరిగే రోజుల్లో. ప్రిన్సిపాలు గారి అనుమతి తీసుకుని "అమ్మా, ఒక తరగతి కూర్చుని వింటాం" అని అడిగితే ఎక్కువచోట్ల కాదనరు. ఒక గంట చాలు, ఎంతో తెలుస్తుంది.

ముందు చూడాల్సింది, గురువు పాడుతున్నారా లేదా. బోర్డు మీద స్వరం రాసి, రాసుకోమని చెప్పి ఊరుకుంటే అది పాఠం కాదు. కర్ణాటక సంగీతంలో రాతలోకి ఎక్కేది కొంతే. తోడి గాంధారం ఎంత ఊగాలో, భైరవిలో ఏ ప్రయోగం ఎక్కడ మలుపు తిరగాలో ఏ పుస్తకంలోని అక్షరాలూ చెప్పలేవు. గురువు పాడాలి, శిష్యుడు పాడాలి, తప్పు వచ్చిన చోట ఆపి అదే ముక్కను మళ్లీ పాడించాలి. ఆ ఆపడం ఉందా అని గమనించండి. ఇరవై మంది కలిసి పాడుతుంటే ఎవరి తప్పు ఎక్కడ వస్తోందో పట్టుకుంటున్నారా? ఒక్కొక్కరి చేత విడిగా పాడిస్తున్నారా?

తర్వాత సీనియర్లతో మాట్లాడండి. క్యాంటీన్‌లోనో చెట్టు కిందో కూర్చున్న మూడో ఏడాది పిల్లల్ని అడిగితే ఆఫీసులో దొరకని సమాచారం దొరుకుతుంది. తరగతులు క్రమం తప్పకుండా జరుగుతాయా? మీ వాద్యానికి శాశ్వత అధ్యాపకుడు ఉన్నారా, లేక ఆ పోస్టు ఖాళీగా ఉండి ఏడాదికొకరు మారుతున్నారా? ఇది చాలా ముఖ్యం. బోధన సగంలో గురువు మారితే పాఠాంతరం మారుతుంది, అదే కృతిని మళ్లీ మొదటినుంచి దిద్దుకోవాలి. గాత్రం పిల్లలకు వయొలిన్, మృదంగం వాళ్లతో కలిసి సాధన చేసే అవకాశం ఇస్తున్నారా? ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు దొరకనిది, కళాశాల ఇవ్వగలిగింది ఇదే. పక్కవాద్యం మధ్య పాడటం నాలుగేళ్లు అలవాటైన పిల్ల మొదటి కచేరీలో తడబడదు. ఒక కళాశాలలో ఈ కలిసి సాధన చేసే ఏర్పాటు లేదంటే, దానికి ఎంత పేరున్నా నేను వెనకాడతాను.

ఆ గురువు కచేరీ దొరికితే వెళ్లి వినండి. రేడియోలో పాడతారేమో కనుక్కోండి. ఆకాశవాణి కళాకారులకు బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి. గ్రేడు పెద్దదైతే బోధన గొప్పదని కాదు. కచేరీలు చేయకపోయినా శిష్యుల్ని తయారుచేయడంలో సాటిలేని వాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఆయన శిష్యుల పాట వినడం ఆయన పాట వినడం కన్నా ముఖ్యం. ఇద్దరు శిష్యులు పాడినప్పుడు గొంతులు వేరైనా శుద్ధి ఒకటే కనిపిస్తే, మీరు సరైన గుమ్మం ముందు నిలబడ్డారు.

కళాశాలలో గురువు దొరికితే బయటి గురువు అవసరం ఉండదా అంటే, అలా కాదు. నేదునూరి కృష్ణమూర్తి విజయనగరం కళాశాలలో చదివారు. ఆ తర్వాత శ్రీపాద పినాకపాణి సన్నిధిలో తన పాటకు మెరుగులు దిద్దుకున్నారు. ఆయనే మళ్లీ ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాలై పనిచేశారు. ఇక పినాకపాణి గారు వృత్తి రీత్యా వైద్యులు, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నది కూడా ఆయనే. ఆయన స్వరలిపిలో రాసిపెట్టిన కృతులను టీటీడీ 'సంగీత సౌరభం' పేరుతో సంపుటాలుగా వేసింది, కళాశాల విద్యార్థులు దగ్గర ఉంచుకోవాల్సిన పుస్తకం. కళాశాలలో చేరినా చేరకపోయినా గురువు తప్పదని ఈ ఇద్దరి జీవితాలూ చెబుతున్నాయి.

ప్రవేశం రోజు

చేరికలు మామూలుగా వేసవి చివర్లో, బడులు తెరిచే వేళకు మొదలవుతాయి. తేదీలు, వయసు, ఫీజు ఏటా మారవచ్చు కనుక మే నెల నుంచే కళాశాల నోటీసు బోర్డు, ప్రకటనలు గమనిస్తూ ఉండండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, మార్కుల మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, ఫొటోలు ఒక ఫైల్లో సిద్ధంగా పెట్టుకుంటే ఆఖరి రోజు పరుగులు తప్పుతాయి.

సర్టిఫికెట్ మొదటి ఏడాదికి వచ్చే పిల్లల దగ్గర పెద్ద విద్వత్తు ఆశించరు. ఏదైనా పాట పాడమంటారు, ఒక స్వరం పాడి దాన్నే పాడమంటారు, చేత్తో లయ వేయమంటారు. చెవి, గొంతు, లయ ఉన్నాయా అని చూడటమే. దానికి భయపడి కష్టమైన కృతి బట్టీ పట్టి తీసుకెళ్లొద్దు. శుద్ధంగా పాడిన చిన్న గీతం, సగం తెలిసిన కాంభోజి కృతి కన్నా వెయ్యి రెట్లు మేలు. డిగ్రీకో డిప్లొమాకో వెళ్లేవాళ్లు మాత్రం ఒక ఆది తాళ వర్ణం రెండు కాలాల్లో, రెండు మూడు కృతులు, ఒక రాగం నాలుగైదు నిమిషాల ఆలాపన సిద్ధం చేసుకోవాలి. రాగ లక్షణం అడుగుతారు. ఆరోహణ అవరోహణలు, ఏ మేళకర్తలోదో, వాగ్గేయకారుడెవరో తడుముకోకుండా చెప్పగలగాలి. 72 మేళకర్తల సంఖ్య గుర్తుపెట్టుకోవడానికి కటపయాది సూత్రం నేర్చుకోండి. ధీరశంకరాభరణంలో 'ధీ' తొమ్మిది, 'ర' రెండు, తిరగేస్తే 29. పది నిమిషాల్లో అర్థమవుతుంది, ఇక మరిచిపోరు.

మీ శ్రుతి మీరే చెప్పండి. "ఏ శ్రుతిలో పాడతావమ్మా?" అని అడిగినప్పుడు తెల్లముఖం వేయకూడదు.

డబ్బు సంగతి

"సంగీతం కూడు పెడుతుందా?" అని నాన్న అడిగితే కోపం తెచ్చుకోకండి. న్యాయమైన ప్రశ్న అది, దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి.

ప్రభుత్వ కళాశాలల్లో ఫీజు ప్రైవేటు ఇంజనీరింగుతో పోలిస్తే నామమాత్రం. అసలు ఖర్చు వేరే ఊళ్లో ఉండటం, తినడం, వాద్యం కొనడం. హాస్టల్ ఉందా, సాధన చేస్తే పక్క గదివాళ్లు ఒప్పుకుంటారా అన్నది కూడా కనుక్కోవాలి. తెల్లవారుజామున గొంతెత్తి పాడలేని గదిలో సంగీత విద్యార్థి ఉండలేడు. ఉపకార వేతనాలున్నాయి. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్పు ఇస్తుంది. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్లపాటు ఇచ్చే స్కాలర్‌షిప్పు ఉంది. రెంటికీ పోటీ ఉంటుంది, ముందునుంచే సిద్ధపడాలి.

సంపాదన మాటకొస్తే, ఎక్కువమంది సంగీత విద్యార్థులకు మొదటి పదేళ్లు ఇల్లు గడిపేది కచేరీ కాదు, పాఠం. ఈ నిజం ఇంట్లో అందరూ ముందే తెలుసుకోవాలి. పాఠం చెప్పడం చిన్నతనం కాదు. ఈరోజు అమెరికాలో, ఇంగ్లండులో, గల్ఫులో ఉన్న తెలుగు కుటుంబాలు పిల్లలకు ఇక్కడి గురువుల చేత ఆన్‌లైన్‌లో చెప్పిస్తున్నాయి. అమెరికాలో సాయంత్రమంటే మనకు తెల్లవారుజాము, కనుక ఉదయం ఏడు గంటల లోపే రెండు పాఠాలు ముగించేవాళ్లు ఎందరో. బడుల్లో సంగీత ఉపాధ్యాయులు, ఆకాశవాణి, టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు లాంటి సంస్థల కార్యక్రమాలు, నృత్య ప్రదర్శనలకు పాడటం, వాయించటం, ఇవన్నీ కలిస్తేనే జీవనం. వోలేటి వెంకటేశ్వర్లు అంతటి విద్వాంసుడు విజయవాడ ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. పినాకపాణి గారి ఉద్యోగం సంగతి పైన చెప్పుకున్నాం. వేరే ఉద్యోగం చేస్తూ సంగీతాన్ని పూర్తి శ్రద్ధతో నడిపించడం మనకు కొత్త కాదు, చిన్నచూపు చూడాల్సిందీ కాదు.

చేరాక మొదటి ఏడాది

తెలుగు పిల్లలకు ఒక పెట్టుబడి పుట్టుకతోనే ఉంది. త్యాగరాజు, రామదాసు, అన్నమయ్య, క్షేత్రయ్య రాసింది మన భాషలో. తమిళనాడు విద్యార్థి అర్థం అడిగి తెలుసుకునే సాహిత్యం మీకు చదవగానే అందుతుంది. ఆ లాభాన్ని వదులుకోకండి. కృతి నేర్చుకునే ముందు సాహిత్యం విడిగా రాసుకుని, పదం ఎక్కడ విరుగుతుందో, అన్వయం ఎలాగో గురువును అడగండి. పదాన్ని మధ్యలో తుంచి ఊపిరి తీసుకునే అలవాటు మొదటి ఏడాదిలోనే పోవాలి.

కళాశాలలో గంట పాఠానికి ఇంట్లో కనీసం రెండు గంటల సాధన. పాఠం ఆరోజే పాడుకోవాలి, మర్నాటికి గమకం జారిపోతుంది. గురువు ఒప్పుకుంటే రికార్డు చేసుకోండి, కానీ రికార్డు ఉంది కదా అని తరగతిలో చెవి మూసుకోకండి. శాస్త్రం పరీక్ష ముందు చదివే సబ్జెక్టుగా పెట్టుకోకుండా, ఆ వారం నేర్చుకున్న రాగం లక్షణం ఆ వారమే చదివితే రెండూ కలుస్తాయి. వారానికి ఒక కచేరీ మొదటినుంచి చివరిదాకా వినండి. మీరు గాత్రమైనా సరే, ఒక వారం మృదంగం మీదే చెవి పెట్టి వినండి.

పుష్య బహుళ పంచమి నాడు చాలా కళాశాలల్లో త్యాగరాజ ఆరాధన చేస్తారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని అయిదు పంచరత్న కృతులూ గోష్ఠిగా పాడతారు. మొదటి ఏడాది వాళ్లకు అవి ఇంకా రావు. వెనక వరసలో కూర్చుని తాళం వేస్తూ వినండి. వరాళి కృతిని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పరాదని పాతవాళ్లొక నమ్మకం చెప్పేవారు, అందుకే చాలామంది దాన్ని విని నేర్చుకున్నవాళ్లే. మీరూ అలాగే మొదలుపెట్టవచ్చు. డిసెంబరులోనే సీనియర్ల గోష్ఠి సాధన మొదలవుతుంది, దానికి రోజూ వెళ్లి కూర్చోవడానికి మీ గురువు దగ్గర ఇప్పుడే అనుమతి అడిగి పెట్టుకోండి.